అశోకా రోడ్ పంక్తిలో పసిపిల్ల

న్యూఢిల్లీలో గోల్ డాక్‌ఖానా దగ్గర మొదలై ఇండియా గేట్ వైపు సాగే అశోకా రోడ్ చివర రెండు భోజనశాలలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి హైదరాబాద్ హౌస్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కోసం ఎడ్విన్ లుటియెన్స్ గీసిన నక్షా ప్రకారం 1928 నాటికి పూర్తయిన ఈ మేడలో ఇప్పుడు విదేశీ అధినేతలకు ప్రధానమంత్రి విందులిస్తారు. రెండోది ఒకటో నంబరు ఆవరణలోని ఆంధ్ర భవన్ క్యాంటీన్. అక్కడ ఎవరి కుర్చీ ఏదో ప్రోటోకాల్ అధికారి నిర్ణయిస్తాడు, ఇక్కడ కౌంటర్లో కొన్న టోకెన్ నిర్ణయిస్తుంది. ఆ టోకెన్ పట్టుకుని పిలుపు కోసం ఎదురుచూసేవాళ్లలో చంకలో పిల్లతో నిలబడ్డ దంపతులు ఈ రోజుల్లో ఎవరికీ వింతగా కనిపించరు. కానీ తెలుగువాళ్లు డబ్బిచ్చి తినే చోట తప్పటడుగుల వయసు పిల్ల కనబడటం చరిత్రలో చాలా ఆలస్యంగా వచ్చిన మార్పు. దాన్ని తెచ్చినవి ఎత్తు కుర్చీలో, పిల్లల మెనూ కార్డులో అనుకుంటే పొరపాటు. ముందు కులం గడియ సడలింది, తర్వాత ఆడవాళ్ల మీద ఉన్న గడియ సడలింది. అప్పుడు తల్లి కొంగు పట్టుకుని పిల్ల లోపలికొచ్చింది. వచ్చిన పిల్లకి తినదగిందేదో కంచంలో అప్పటికే ఉంది. మన భోజనం వరస అటువంటిది మరి. ఈ వ్యాసం చెప్పదలచింది ఇదే.

తెలుగులో డబ్బుకు దొరికే భోజనానికి పాత సాక్ష్యాల్లో ప్రసిద్ధమైనది క్రీడాభిరామం. పదిహేనో శతాబ్దపు ఈ రూపకం వినుకొండ వల్లభరాయుడి పేర ఉంది, కాదు శ్రీనాథుడిదే అనేవాళ్లూ ఉన్నారు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతుండగా పూటకూటింటి భోజనం మాట వస్తుంది. ఒక్క రూకకు మేలైన బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ఇప్పటి ఫుల్ మీల్స్‌కు ఆకారం అప్పటికే వచ్చేసిందని దీనివల్ల తెలుస్తుంది. మనిషికి ఇంతని ఒకే ధర, అందులోనే పప్పూ నెయ్యీ పెరుగూ. తినేవాళ్లెవరో కూడా తెలుస్తుంది: ఇల్లు వదిలి ఊరు చూడబోయిన మగవాళ్లు. సుమారు అయిదు వందల ఏళ్ల తర్వాత గురజాడ కన్యాశుల్కంలోనూ అదే అమరిక. 1892లో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో పెంచి రాసిన ఆ నాటకంలో పూటకూళ్లమ్మ వితంతువు. భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీకి లోకం మిగిల్చిన కొద్దిపాటి బతుకుతెరువుల్లో పూటకూళ్లు ఒకటి. ఆమె ఇంట పడి తినేది గిరీశం లాంటివాళ్లు. వండి వడ్డించేది ఆడది, డబ్బిచ్చి తినేది మగవాడు. బిడ్డతల్లి డబ్బు చెల్లించి ఆ పీట మీద కూర్చునే సందర్భం ఆ ఏర్పాటులో కనబడదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పిల్లలు బయట తినకపోవడమేమిటి, పెళ్లిళ్లలో తిన్నారు, గుళ్లలో తిన్నారు, సత్రాల్లో తిన్నారు కదా అని. నిజమే. కాశీకీ రామేశ్వరానికీ వెళ్లేవాళ్లు పిల్లాజెల్లాతోనే వెళ్లారు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళాపాళా చూడకుండా ఆకలన్నవాడికల్లా అన్నం పెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడి మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టిందంటే ఆ జ్ఞాపకం ఎంత గట్టిదో తెలుస్తుంది. అయితే పెళ్లి పంక్తిలో పిల్ల బంధువు, సత్రంలో యాత్రికురాలు. ఆమెకి అన్నం పెట్టేది చుట్టరికమో పుణ్యమో. వడ్డించేవాళ్లు విసుక్కోరాదు, తినేవాళ్లు వంక పెట్టరాదు అనే మర్యాద ఆ రెండింట్లోనూ ఉంది. హోటల్లో ఆ మర్యాద లేదు. అక్కడ డబ్బిచ్చినవాడికి సీటు, తిన్నాక లేచిపోవడం, తర్వాతివాడు వచ్చి కూర్చోవడం. పైగా సత్రాల కాలంలోనూ కలిగినవాళ్లు సొంత వంటనే నమ్ముకున్నారు. 1830–31లో మద్రాసు నుంచి కాశీ వెళ్లొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య పరివారంతో సాగుతూ మజిలీ మజిలీకీ అక్కడ సామాన్లు దొరుకుతాయో లేదో తన యాత్రాచరిత్రలో రాసుకుంటూ పోయాడు. ఆయన ముందు వెతికింది వండుకోవడానికి చోటు, సరుకు. ఒకరి దగ్గర డబ్బిచ్చి తినడం అప్పటికి గౌరవంగల కుటుంబం చేసే పని కాదు.

ఇరవయ్యో శతాబ్దంలో హోటళ్లు పెరిగాయి. మద్రాసులోనూ కోస్తా ఊళ్లలోనూ ఉడిపి హోటళ్లు, మాంసం తినేవాళ్లకి మిలిటరీ హోటళ్లు, చదువుకునే కుర్రాళ్లకీ గుమాస్తాలకీ నెల లెక్కన మెస్సులు, హైదరాబాద్‌లో ఇరానీ కేఫ్‌లు. ఇన్ని రకాలున్నా వచ్చేవాడు మాత్రం ఒకడే: ఇంటికి దూరంగా ఉన్న ఒంటరి మగవాడు. పైగా చాలాచోట్ల కులం గుమ్మం దగ్గరే అడ్డుకునేది. రైల్వే స్టేషన్లలో సైతం హిందువులకొక భోజనశాల, ముస్లింలకొకటి, దొరలకొకటి. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో ఖండం దీని మీద నేరుగా దెబ్బ కొట్టింది. మతం, జాతి, కులం, స్త్రీపురుష భేదం, పుట్టిన చోటు అనే కారణాలతో ఎవరినీ దుకాణాల్లోకి, హోటళ్లలోకి రాకుండా ఆపరాదంది. 1955 నాటి అంటరానితన నేరాల చట్టం దానికి శిక్ష జోడించింది. ఆ జాబితాలో వయసు లేదన్నది గమనించాలి. పిల్లల మాట ఆ వెంటనే మూడో ఖండంలో, స్త్రీలతో కలిపి వస్తుంది. వాళ్ల కోసం రాజ్యం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని మాత్రమే అది చెబుతుంది. అంటే హోటల్‌కి పసిపిల్ల రావడాన్ని చట్టం హక్కుగా రాయలేదు. ఆ పని ఆచారమే చేసుకోవలసి వచ్చింది, అదీ నెమ్మదిగా. మొదటి మెట్టు ఫ్యామిలీ రూమ్. హాలు వెనకో, మేడ మీదో, కర్టెన్ వేసిన చిన్న గదులు. ఆడవాళ్లను పరాయి చూపుల నుంచి దాచడానికి కట్టిన ఆ గదుల్లోనే పిల్లలు మొదటిసారి హోటల్ కంచం చూశారు. మేలు చేస్తూనే వాళ్లని వేరుగా కూర్చోబెట్టిన ఏర్పాటది.

అడ్డంకి హోటల్ వైపు నుంచే ఉందనుకోవడం కూడా సరికాదు. ఇంట్లోనూ ఉంది. నలుగురి ఎదుట పసిపిల్లకి అన్నం పెడితే దిష్టి తగులుతుందనే భయం, బయటి నీళ్లు పడవనే భయం, ఎవరు వండారో తెలియని అన్నం పెట్టామని అత్తగారు ఏమంటుందోననే భయం. వీటిలో నీళ్ల భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారెయ్యలేం. మంచినీటి సరఫరా సరిగా లేని రోజుల్లో బయట తిన్న పిల్లకి వాంతులూ విరేచనాలూ పట్టుకోవడం నిత్యం చూసినదే. అందుకే ఢిల్లీ–మద్రాసు మధ్య తిరిగిన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌ లాంటి రైళ్లలో రాత్రీ పగలూ ప్రయాణించిన తెలుగు తల్లులు పులిహోర, పెరుగన్నం క్యారియర్లో సర్దుకునే బయల్దేరారు. ప్లాట్‌ఫాం మీద భర్త దిగి ఏదైనా తిని రావచ్చు. పిల్ల తినేది మాత్రం తల్లి చేతి ముద్దే.

ఈ నేపథ్యంలో చూస్తేనే అశోకా రోడ్ క్యాంటీన్ ప్రత్యేకత అర్థమవుతుంది. స్వాతంత్ర్యం తర్వాత కేంద్ర ప్రభుత్వ కొలువులకీ పార్లమెంటు పనులకీ తెలుగువాళ్లు ఢిల్లీ చేరారు. వెంట కుటుంబాలూ వచ్చాయి. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించి తెలుగు పిల్లల చదువుకి బడి పెట్టారంటే, అప్పటికే ఆ ఊళ్లో అక్షరాలు దిద్దే వయసు తెలుగు పిల్లలు తగినంతమంది ఉన్నట్టే కదా. ఇక రాష్ట్ర అతిథి గృహమైన ఆంధ్ర భవన్ పుట్టింది పిల్లల కోసం కాదు. మంత్రులకీ, శాసనసభ్యులకీ, ఫైళ్లు పట్టుకుని వచ్చే అధికారులకీ బస, భోజనం చూడటం దాని పని. గోదావరి, శబరి, స్వర్ణముఖి అని నదుల పేర్లు పెట్టుకున్న బ్లాకుల మధ్య ఆ క్యాంటీన్ మొదట సర్కారు మెస్సే. అది బయటివాళ్లకీ తలుపు తీసేసరికి సంగతి మారింది. రాష్ట్ర ప్రభుత్వ ఆవరణ అన్న భరోసా ఇంటి పెద్దల సందేహం తగ్గించింది. కులం అడిగే వీల్లేని చోటు. కర్టెన్ గది లేదు. ఉన్నది ఒకటే హాలు, ఒకటే వరస బల్లలు, పక్కన కూర్చున్నది పంజాబీ విద్యార్థో, బెంగాలీ విలేకరో, నెల్లూరు నుంచి వచ్చిన ఇంజనీరో తెలియదు. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఆ ఆవరణలో తెలంగాణ భవన్ కూడా వెలిసింది, ఆస్తుల పంపకం మీద ఏళ్ల తరబడి చర్చలు నడిచాయి. భోజనానికి వచ్చే కుటుంబాల రాక మాత్రం ఆగలేదు.

ఆ హాల్లో పిల్లకి ఏమి దొరుకుతుందో దగ్గరగా చూస్తే నా వాదన స్పష్టమవుతుంది. స్టీలు కంచం ముందుకొస్తుంది, దాని చుట్టూ గిన్నెలు: పప్పు, కూర, సాంబారు, చారు, పెరుగు, తీపి. పూరీ, అప్పడం. బల్ల మీద కందిపొడి, పచ్చడి, నెయ్యి. అన్నం గిన్నెతో వడ్డించేవాళ్లు వరసల మధ్య తిరుగుతూనే ఉంటారు. తల్లి చేసే పని ఏమిటంటే, వేడి అన్నం కంచం అంచుకి జరిపి, కాస్త పప్పూ నెయ్యీ వేసి, మెతుకు కనబడకుండా వేళ్లతో మెదిపి, ఉసిరికాయంత ముద్ద చేసి నోట్లో పెడుతుంది. పప్పు కారంగా ఉంటే దాన్ని వదిలేసి పెరుగన్నం కలుపుతుంది. ఈలోపు అప్పడం ముక్క పిల్ల చేతికిస్తే అది విరగడం చూసుకుంటూ కూర్చుంటుంది. ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు మెత్తటి ఆహారం మొదలుపెట్టి, ఏడాది దాటేసరికి ఇంట్లోవాళ్లు తినే రకాలే పెట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది కూడా దీనికి దగ్గరదే. ఎవరూ పిల్లల కోసమని వండలేదు, అయినా పిల్ల కడుపు నిండింది. ఓరుగల్లు పూటకూటింట్లో ఒక్క రూకకు పెట్టిన పెసరపప్పు, నెయ్యి, గడ్డపెరుగు పళ్లు రాని నోటికి కూడా పనికొచ్చేవే. అక్కడికి పిల్ల రాలేదంతే.

ఇదే ఢిల్లీలో పిల్లల్ని కస్టమర్లుగా గుర్తించిన వ్యాపారం వేరే దారిలో నడిచింది. కన్నాట్ ప్లేస్ నిరులాస్ మంచి మార్కుల రిపోర్టు కార్డు చూపించిన పిల్లలకి ఉచితంగా ఐస్‌క్రీమ్ ఇచ్చి రెండు తరాల ఢిల్లీ పిల్లల మనసు దోచుకుంది. 1996లో మెక్‌డొనాల్డ్స్ దేశంలో తన మొదటి దుకాణాల్లో ఒకటి వసంత్ విహార్ బసంత్ లోక్‌లో తెరిచింది, ఆటబొమ్మతో కలిపి భోజనం అమ్మే పద్ధతి 1979 నుంచీ దానికి అమెరికాలో అలవాటే. తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. కాకపోతే రెండూ పిలిచింది అడగడం నేర్చిన పిల్లల్ని. రిపోర్టు కార్డు లేని, ఫలానాది కావాలని చెప్పలేని రెండేళ్ల పిల్లకి ఆ పిలుపు వర్తించదు. మారాం చేసి పెద్దల్ని దుకాణానికి లాక్కొచ్చే వయసు రాగానే వ్యాపారానికి పిల్ల కనబడుతుంది. పంక్తి భోజనం అంతకు ముందునుంచే ఆమెకి సరిపడుతుంది.

హోటల్ యజమాని ఒప్పుకోడు. ఆయన లెక్క ఇలా ఉంటుంది: ఫుల్ మీల్స్‌లో మనిషికి ఇంత అని ధర, ఎంత తిన్నా అంతే. రద్దీ వేళ నేను అమ్మేది అన్నం కాదు, సీటు. పావుగంటలో లేవాల్సిన బల్ల పిల్ల ఉంటే అరగంట పడుతుంది, పిల్లకి టోకెన్ కూడా ఉండదు, కింద మెతుకులు నేనే ఊడ్పించుకోవాలి. ఈ వాదనలో బలముంది. చాలా మీల్స్ హోటళ్లలో షేరింగ్ కుదరదని బోర్డు పెట్టేదీ ఇందుకే. కానీ లెక్కలో ఒక పద్దు వదిలేశాడు. పిల్లని తీసుకెళ్లలేని చోటికి తల్లి వెళ్లదు, తల్లి వెళ్లని చోటికి ఆ ఇంటి అమ్మమ్మా తాతయ్యా వెళ్లరు. ఒక్క పిల్లని వద్దంటే నాలుగు టోకెన్లు తగ్గుతాయి. పిల్ల తినే పిడికెడు తల్లి కంచంలోదే కాబట్టి వంట ఖర్చు పెరిగిందేమీ లేదు. పైగా ఆయన సీటు పావుగంటలో తిరగడానికి కారణం వంటకాలన్నీ ముందే సిద్ధంగా ఉండటం, ఆర్డరిచ్చి ఎదురుచూడక్కర్లేకపోవడం. ఓపిక లేని పిల్లతో వచ్చిన తల్లిదండ్రులకు కావాల్సిందీ అదే. కంచం వచ్చిన నిమిషంలోనే మొదటి ముద్ద నోట్లో పడుతుంది. మెనూ కార్డు చూసి వంట అయ్యేదాకా ఆగాల్సిన ఖరీదైన రెస్టారెంట్లో పిల్ల ఏడుపు మొదలయ్యేది ఆ ఎదురుచూపులోనే.

పక్క బల్లవాళ్ల అభ్యంతరం ఇంకొకటి. మా ప్రశాంతత మాటేమిటి అంటారు. దక్షిణ కొరియాలో ఈ మాట ముదిరి పిల్లలకు ప్రవేశం లేదనే హోటళ్లు పుట్టుకొచ్చాయి. జెజు దీవిలో పదమూడేళ్ల లోపు పిల్లల్ని రానివ్వని ఒక రెస్టారెంట్ విషయంలో అక్కడి మానవ హక్కుల కమిషన్ 2017లో అది వివక్షేనని తేల్చింది. అయినా ఆ చర్చ చల్లారలేదు. మన దేశంలో అంత దాకా రాకపోవడం మన సహనం గొప్పదై కాదు. పంక్తి భోజనశాలలో పోగొట్టుకోవడానికి నిశ్శబ్దమంటూ ఏదీ లేదు, గిన్నెల చప్పుడులో పిల్ల గోల కలిసిపోతుంది. ఖరీదు చెల్లించి నిశ్శబ్దం కొనుక్కున్నవాళ్ల ఫిర్యాదుకు న్యాయముంది. కంచానికింతని చెల్లించి ఉమ్మడి బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల ఫిర్యాదుకు అంత న్యాయం లేదు. అయితే వేడి సాంబారు బకెట్ తిరిగే ఇరుకు దారిలో పిల్లని వదిలేసి ఫోన్ చూసుకునే తల్లిదండ్రులను ఎవరైనా మందలిస్తే తప్పు కాదు. అక్కడ ప్రశ్న మర్యాదది కాదు, ఒళ్లు కాలే ప్రమాదానిది.

ఇన్నాళ్లకి దొరికిన ఈ చోటు స్థిరమని భరోసా లేదు. నగరాల్లో ఇప్పుడు పెరుగుతున్నవి నిలబడి తినే టిఫిన్ సెంటర్లు. రొమ్మెత్తు బల్ల మీద ఇడ్లీ ప్లేటు, ఒక చేతిలో పిల్ల, రెండో చేతిలో చట్నీ ఒలక్కుండా పట్టుకున్న చెంచా. ఆ భంగిమలో తల్లి తినలేదు, పిల్లకి పెట్టలేదు. ఇంకోపక్క ఫోన్‌లో ఆర్డరిస్తే ఇంటికొచ్చే పార్సిళ్లు. పిల్లలున్న ఇళ్లకి అవి సుఖమే, కానీ వాటివల్ల పిల్ల మళ్లీ ఇంటి నాలుగు గోడల మధ్యకే చేరుతుంది. పరాయివాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు తినేదే తినడం ఆమెకి ఎక్కడ అలవడుతుంది? కులం పేర, ఆడతనం పేర శతాబ్దాలు మూసి ఉన్న బల్ల అది. దాని దగ్గర రెండేళ్ల పిల్ల కూర్చోవడం చిన్న విషయమేమీ కాదు.

కాబట్టి భోజన హోటళ్లు నడిపేవాళ్లకి చెప్పేది ఇంతే. రంగుల కుర్చీలూ కార్టూన్ బొమ్మలూ కొనలేకపోతే మానెయ్యండి. పప్పుకి తాలింపు పెట్టేముందు ఒక గిన్నెడు చప్పిడిపప్పు పక్కకి తీసి ఉంచండి, వెనక్కి ఆనుకోగల కుర్చీలు గోడ వారగా రెండు వేయండి, చేతులు కడుక్కునే చోట పిల్ల చేతికి అందే ఎత్తులో ఒక పంపు పెట్టించండి. తల్లిదండ్రులు కూడా రద్దీ మొదలుకాక ముందే వెళ్లి, పిల్ల పారబోసింది తుడిచి లేవండి. పిల్లతో వచ్చినవాళ్లు కూర్చోగానే ముందు ఆ పప్పూ నెయ్యీ తెచ్చి వడ్డించండి, కూరలూ పచ్చళ్లూ తర్వాత తేవచ్చు.